‘చంపబడ్డారు’ సరే, చంపిందెవరు సార్?

(సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుల జిల్లా సమావేశంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు నమస్కారం. నాకంటే ముందు మాట్లాడి, నేను చెప్పాలనుకున్నవి సగం చెప్పేసిన మిత్రుడికి కూడా నమస్కారం. (నవ్వులు)

నాకిచ్చిన అంశం, “దేశ చరిత్రలోని చేదు నిజాలు బడిలో చెప్పాలా, వద్దా?” కాగితం మీద చూస్తే జవాబు తేలికే. చెప్పాలి. ఈ హాల్లో వద్దని చెయ్యెత్తేవాళ్లు ఒక్కరు కూడా ఉండరు. మరి రేపు బడికి పోయి మనం ఏం చేస్తున్నాం? ముప్పై నాలుగేండ్లు సోషల్ చెప్పిన నేను. అందులో సగం కాలం నేను చేసిందేంటంటే, చెప్పాలని నమ్ముతూ చెప్పకుండా ఉండటం. దాని గురించే మాట్లాడతాను. దేశం మొత్తం తిరగను, నాకంత ఓపిక లేదు. హైదరాబాద్ నిజాం రాజ్యం ఇండియాలో కలిసిన 1948 ఒక్కటి తీసుకుంటా. అందులో కూడా ఆగస్టు నెలాఖరు నుంచి డిసెంబర్ దాకా.

మాది చేర్యాల దిక్కు. మా ఊరి నుంచి భైరాన్‌పల్లి సైకిల్ మీద పోయేటంత దూరం. అక్కడి బురుజు మీలో చాలామంది చూసే ఉంటారు. చూడనివాళ్లు పిల్లల్ని తీసుకుని ఒకసారి పోండి. రజాకార్లు, అంటే నిజాం రాజ్యం కోసం కొట్లాడే ప్రైవేటు దండు, అంతకుముందు ఊరి మీదికి వస్తే ఊరోళ్లు కలిసి తరిమేసిండ్రు. బురుజు మీద కాపలా, నగారా, నాటు తుపాకులు. ఆ కోపంతో 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున నిజాం సైన్యాన్ని వెంటేసుకుని ఫిరంగులతో వచ్చిండ్రు. బురుజు మీదున్న వాళ్లను కూల్చి, దొరికిన మగవాళ్లను ఊరి బయట వరసగా నిలబెట్టి కాల్చిండ్రు. ఊళ్లో 118 మంది అంటారు, కొన్ని లెక్కల్లో తొంభైకి అటూఇటూ ఉంటుంది. పక్కనున్న కూటిగల్ మీద కూడా పడ్డారు.

మా నాయనమ్మ ఈ కథ చెప్పేటప్పుడు ఎప్పుడూ “చంపిండ్రు” అనేది. “తీస్కపోయి నిలబెట్టిండ్రు, కాల్చిండ్రు.” ఆ “ఇండ్రు”లో మనిషి కనబడతాడు. ఎవడో ఒకడు తుపాకి పట్టుకుని నిలబడ్డట్టు ఉంటుంది. ఈ మాటకు మళ్లీ వస్తా, గుర్తుపెట్టుకోండి.

బడిలో నేను చదువుకున్న పుస్తకాల్లో దీనికి దొరికిన చోటు నాలుగు వాక్యాలు. రజాకార్లు ఆగడాలు చేసిరి, భారత ప్రభుత్వం పోలీసు చర్య జరిపెను, నిజాం లొంగిపోయెను, శాంతి నెలకొనెను. అయిపాయె. పరీక్షలో నాలుగు మార్కులు.

ఆ “పోలీసు చర్య” అన్న పేరు చూడండి ముందు. 1948 సెప్టెంబర్ 13న నలుదిక్కుల నుంచి సైన్యం వచ్చింది, ట్యాంకులతో వచ్చింది. 17 సాయంత్రానికి నిజాం రేడియోలో లొంగిపోతున్నట్టు చెప్పిండు. 18న మేజర్ జనరల్ చౌదురి హైదరాబాద్‌లో అడుగుపెట్టి మిలిటరీ గవర్నర్ అయిండు. దీన్లో పోలీసులెక్కడ? హైదరాబాద్ ఫిర్యాదు అప్పటికే ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ముందుంది. ఇది రెండు దేశాల యుద్ధం కాదు, మా ఇంటి గొడవ అని లోకానికి చెప్పడానికి ఆ పేరు పనికొచ్చింది. తప్పని నేననను, రాజకీయంలో అట్లాంటివి ఉంటాయి. కానీ పేరు ఎందుకట్లా పెట్టారో పిల్లలకు చెప్పొచ్చు కదా? పదిహేనేండ్ల పిల్లగాడికి అది అర్థం కాకపోదు. అర్థం కానిది మనకు.

సరే. ఉద్యోగం వచ్చినంక నన్ను జహీరాబాద్ దిక్కు వేశారు. మాకు అది పరాయి దేశంలెక్క ఉండేది. తెలుగులో ఉర్దూ, ఉర్దూలో కన్నడం, బజారుకు పోతే మరాఠీ. ఒక విషయం మీకు తెలుసో తెలియదో, జహీరాబాద్, నారాయణఖేడ్ తాలూకాలు 1956 దాకా మెదక్ జిల్లాలో లేవు. బీదర్ జిల్లాలో ఉండేవి. రాష్ట్రాలు భాషల మీద విడిపోయినప్పుడు తెలుగు వైపు వచ్చినయి. ఆ సంగతి ఎందుకు చెప్తున్నానో ముందుకు పోతే తెలుస్తుంది.

1996 అనుకుంటా. పదో తరగతి. పోలీసు చర్య పాఠానికి బోర్డు మీద నోట్స్ రాయిస్తున్నా. పుస్తకంలోది కాదు, నేను సొంతంగా తయారుచేసిన నోట్స్. ఎంత గొప్పగా రాశానో వినండి. “రజాకార్ల ఆగడాలు అణచివేయబడినవి. శాంతిభద్రతలు నెలకొల్పబడినవి. ఈ సందర్భంగా కొన్ని ప్రాంతములలో పలువురు చంపబడిరి.” చాక్‌పీస్ కింద పెట్టి తిరిగేసరికి వెనక బెంచీలో ఒక పిల్లగాడు లేచి నిలబడ్డడు. “సార్, చంపబడ్డారు సరే. చంపిందెవరు సార్?”

ముస్లిం పిల్లగాడు. తెలివిగల్లోడే, కానీ ఎన్నడూ ప్రశ్న అడిగేవాడు కాదు. ముందు బెంచీ నుంచి ఇంకొకడు, “ఇంకెవర్రా, రజాకార్లే. మీ తాతలే” అన్నడు. క్లాసంతా నవ్వింది. ఈ పిల్లగాడు నవ్వలేదు, కూర్చోలేదు. నన్నే చూస్తున్నడు. వానికి జవాబు తెలుసు. నాకు తెలుసా లేదా అని చూస్తున్నడు.

నేనేమన్నానో తెలుసా? “అది పరీక్షకు రాదు, కూర్చో.”

ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే సిగ్గవుతుంది. ముందు బెంచీ వాణ్ణి ఒక్క మాట అనలేదు నేను. ప్రశ్న అడిగినవాణ్ణి కూర్చోబెట్టిన.

వానికి ఏం తెలుసో నాకు తెలియడానికి ఇంకో ఐదేండ్లు పట్టింది. 2001లో ఒక ఇంగ్లీషు పత్రికలో సుందర్‌లాల్ కమిటీ నివేదిక భాగాలు అచ్చయినయి. పోలీసు చర్య తర్వాత జిల్లాల్లో ఘోరాలు జరుగుతున్నాయని కబుర్లు వస్తుంటే నెహ్రూ ముగ్గురిని పంపిండు. పండిత్ సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ. 1948 నవంబర్ 29 నుంచి డిసెంబర్ 21 దాకా తిరిగారు. హైదరాబాద్ సంస్థానంలో అప్పుడు పదహారు జిల్లాలు, ఎనిమిది మనవి, ఐదు మరాఠ్వాడావి, మూడు కన్నడం వాళ్లవి. వాటిలో తొమ్మిది జిల్లాలకు పోయారు, 109 ఊళ్ల నుంచి వచ్చిన ఐదు వందల మందికి పైగా జనంతో మాట్లాడారు. తక్కువలో తక్కువ లెక్క వేసుకున్నా ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల మంది చనిపోయి ఉంటారని రాశారు. ఎక్కువగా ముస్లింలు. నాలుగు జిల్లాలు అన్నిటికంటే ఘోరం అన్నారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, నాందేడ్. నాలుగోది బీదర్.

బీదర్. నేను పదేండ్లు పాఠం చెప్పిన నేల. రోజూ సైకిల్ తొక్కిన దారులు. ఏ చింతచెట్టు కింద ఏముందో తెలియకుండా కూర్చుని టీ తాగిన ఊళ్లు.

రెండో వరసలో నాలుగు జిల్లాల పేర్లు ఇచ్చారు. ఔరంగాబాద్, బీడ్, మెదక్, నల్లగొండ. భైరాన్‌పల్లి ఉన్న జనగామ తాలూకా అప్పుడు నల్లగొండ జిల్లాలోనే ఉండేది. అంటే భైరాన్‌పల్లి జిల్లా, ఈ రెండో వరస జిల్లా ఒక్కటే. నెల కూడా తిరగలేదు మధ్యలో. మాకు ఒక సగం కథ నాయనమ్మలు చెప్పారు. ఇంకో సగం ఇంకెవరి నాయనమ్మలకో తెలుసు.

ఆ నివేదికలో సైన్యం సంగతి కూడా ఉంది. కొన్ని చోట్ల సైనికులు, స్థానిక పోలీసులు దోపిడీల్లో, హత్యల్లో చెయ్యి కలిపారని రాశారు, కొన్ని చోట్ల ప్రాణాలు కాపాడారని కూడా రాశారు. ఆ నివేదికను ప్రభుత్వం బయటపెట్టలేదు. పటేల్‌కు అది మింగుడుపడలేదు. మామూలు జనం దాన్ని ఢిల్లీలో నెహ్రూ స్మారక గ్రంథాలయంలో కూర్చుని చదువుకునే వీలు 2013 నాటికి గానీ కలగలేదు. అరవై ఐదేండ్లు! రాయించినవాళ్లు పోయారు, రాసినవాళ్లు పోయారు, చంపినవాళ్లు చాలామంది మంచాన పడి ముసలితనంలో పోయారు.

ఒక్క సంగతి మటుకు నేను ఎక్కడ మాట్లాడినా చెప్తా. ఆ నివేదికలోనే ఉంది. కొన్ని ఊళ్లలో హిందూ నేతపనివాళ్లు ముస్లిం నేతపనివాళ్లకు అడ్డం నిలబడ్డారు. హిందువుల మీదనే తిరగబడి కాపాడారు. అందులో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు. మగ్గం పక్కన మగ్గం వేసి బతికినవాళ్లు కదా. రేటు పడిపోతే ఇద్దరికీ ఒక్కసారే పడిపోతుంది. చావు కూడా ఒక్కసారే రావాలనుకున్నారేమో.

ఇక నా రెండో తప్పు. మొదటిది చెప్పకపోవడం. రెండోది చెప్పడం! (నవ్వులు) నవ్వకండి, నిజం.

ఆ నివేదిక చదివి ఊగిపోయిన. మర్నాడే తొమ్మిదో తరగతికి ప్రాజెక్టు ఇచ్చిన. “మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగి 1948లో ఏం జరిగిందో రాసుకురండి.” పిల్లలు తలా నాలుగు ముక్కలు తెచ్చిండ్రు. ఒక్క ముస్లిం పిల్లగాడు తేలేదు. వాణ్ణి నేను క్లాసులో నిలబెట్టి అడిగిన. “మీ నానమ్మ ఉంది కదరా, ఆమెను అడగలేదా? నీకే బాగా తెలవాలె.” ఏమనుకున్నానంటే, వీనికి మాట్లాడే అవకాశం ఇస్తున్నా అనుకున్న. న్యాయం చేస్తున్నా అనుకున్న. వాడు మూడు రోజులు బడికి రాలేదు.

నాలుగో రోజు నేనే వాళ్లింటికి పోయిన. రేకుల ఇల్లు, ముందట మేకలు. ముసలామె మంచం మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. సార్ వచ్చిండంటే లేవబోయింది, వద్దన్న. చాయ్ పెట్టించింది. నేను ఏదో నసిగిన, పాఠం కోసం అమ్మా, పిల్లలకు తెలవాలని... ఆమె గింజలు తీస్తూనే ఉంది. “ఇప్పుడెందుకు సార్ అవన్ని? వాళ్లూ పోయిండ్రు, వీళ్లూ పోయిండ్రు. పిలగాడు రోజూ వాళ్ల పిల్లలతోనే ఆడుకుంటడు.” అంతే. తలెత్తినప్పుడు చూసిన, కనుబొమ్మల మధ్య పచ్చబొట్టు ఉంది. మసకేసిన పచ్చబొట్టు. చిన్నప్పటిది. ఆ నివేదికలో బలవంతపు మతమార్పిడుల సంగతి ఉంది, నేను చదివి నెల కాలేదు. అడగలేదు. చాయ్ తాగి వచ్చేసిన.

ఆ రోజు నుంచి నాకు ఒక నియమం. బడిలో చరిత్ర చెప్పాలి, కానీ ఏ పిల్లగాణ్ణీ సాక్షిగా నిలబెట్టొద్దు. నీ కులంవాళ్లు కాబట్టి నువ్వు చెప్పు, నీ మతంవాళ్లు కాబట్టి నీకు తెలవాలె అనొద్దు. దెబ్బ తిన్న ఇంటికి నోరు మూసుకునే హక్కు ఉంది. చెప్పాల్సిన బాధ్యత జీతం తీసుకునే మనది, బోనులో నిలబడాల్సిన బాధ్యత వానిది కాదు. ప్రాజెక్టులు రాయించే సార్లు, మేడమ్‌లు ఇది కాస్త గమనించండి. ఈ మధ్య అన్నిటికీ “ఇంటర్వ్యూ చేసి రాయండి” అంటున్నాం.

మరి ఎట్లా చెప్పాలి? నేను సిద్దిపేట దిక్కు మళ్లీ వచ్చినంక ఒక పద్ధతి పట్టుకున్న. అది చరిత్ర పద్ధతి కాదు, మా తెలుగు సార్ దగ్గర అరువు తెచ్చుకున్నది. పదో తరగతిలో కర్తరి వాక్యం, కర్మణి వాక్యం చెప్తారు కదా. “రాముడు రావణుణ్ణి చంపాడు” కర్తరి. “రావణుడు రాముని చేత చంపబడ్డాడు” కర్మణి. ఒక రోజు స్టాఫ్‌రూంలో ఆయన పేపర్లు దిద్దుకుంటూ అన్నడు, “ఈ ‘బడు’ మన భాషలో సహజం కాదు సార్. ఇంట్లో ఎవరం వాడం. అన్నం తినబడింది అంటామా?” నాకు చప్పున నా బోర్డు గుర్తొచ్చింది. మా నాయనమ్మ “చంపిండ్రు” గుర్తొచ్చింది. ఇంట్లో ఎవరం వాడని “బడు”ను చరిత్ర పాఠంలో మటుకు వరసపెట్టి వాడతాం. ఎందుకంటే అందులో చేసినవాడు మాయమైతడు. అణచివేయబడ్డారు, దోచుకోబడ్డారు, తొలగించబడ్డారు. చేసిందెవడు? వాడు “బడు” వెనక దాక్కున్నడు.

అందుకని పిల్లలకు ఒక పని ఇచ్చేవాణ్ణి. పాఠంలో “బడు” ఉన్న వాక్యాలన్నీ గీత గీయండి. వాటిని కర్తరిలోకి మార్చండి. కర్త ఎవరో పుస్తకంలో లేకపోతే ఆ చోట ఖాళీ పెట్టండి. ఆ ఖాళీలు లెక్కపెట్టండి. పాఠం మొత్తం ఖాళీలే!

అక్కడితో ఆగితే ప్రమాదం. ఎందుకంటే ఖాళీ కనబడగానే పిల్లలు దాన్ని నింపుతారు. ఎట్లా నింపుతారు? మొదటి ఏడే చూసిన. భైరాన్‌పల్లి వాక్యంలో ఒకడు “ముస్లింలు చంపారు” అని రాసిండు. బీదర్ వాక్యంలో ఇంకొకడు “హిందువులు చంపారు” అని రాసిండు. “బడు” పోయింది, “లు” వచ్చింది. “బడు” చేసినవాణ్ణి మాయం చేస్తే, ఈ “లు” చేయనివాణ్ణి కూడా పట్టుకొచ్చి నిలబెడుతుంది. రెండూ అబద్ధమే.

భైరాన్‌పల్లి మీద రజాకార్లు పడింది ఆగస్టు 27న. దానికి ఆరు రోజుల ముందు, ఆగస్టు 21 రాత్రి, హైదరాబాద్‌లో షోయబుల్లా ఖాన్‌ను దారికాచి చంపారు. ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు. రజాకార్లను కట్టడి చేయాలని, ఇండియన్ యూనియన్‌లో కలవాలని రాశాడు. అందుకే రాసే చెయ్యి నరికారు. ఆయన ముస్లిం. అదే వారం. మరి “ముస్లింలు చంపారు” అని రాస్తే షోయబుల్లా ఖాన్ ఏ వైపు పడతాడు? ఆయన్ను ఎక్కడ కూర్చోబెడతావ్? 1940లో విసునూరు దొర అయిన దేశ్‌ముఖ్ మనుషులు చంపిన షేక్ బందగీ ఎవరు? ముస్లిం రైతు. చంపించిన దేశ్‌ముఖ్ ఎవరు? హిందువు. పోలీసు చర్యకు ముందు ఊళ్లు విడిచి పట్నం పారిపోయిన దొరలు, సైన్యం వచ్చినంక నెత్తిన గాంధీ టోపీ పెట్టుకుని తిరిగొచ్చారని మన ఊళ్లలో ఇప్పటికీ చెప్తారు. వాళ్లు ఏ “లు”లోకి వస్తారు? ఆ సైన్యమే తర్వాత మూడేండ్లు, 1951 అక్టోబర్‌లో సాయుధ పోరాటం విరమించేదాకా, కమ్యూనిస్టుల మీద ఊళ్లలో తిరిగింది. అప్పుడు పోయిన ప్రాణాల వాక్యాలకు కర్త ఎవరో కూడా రాయండి మరి.

ఒక పిల్ల అడిగింది. మంచి ప్రశ్న, నేను చచ్చిపోయేదాకా మర్చిపోను. “నిజాం శత్రువైతే మళ్లీ 1950లో రాజప్రముఖ్ ఎట్ల చేసిండ్రు సార్?” రాజప్రముఖ్ అంటే గవర్నర్ లాంటి పదవి. నేను ఆ రోజు మొత్తం పీరియడ్ ఆ ఒక్క ప్రశ్న మీదే గడిపిన. సిలబస్ వెనకబడింది. హెడ్‌మాస్టర్ సార్ అడిగితే నిజాం వల్ల ఆలస్యమైందని చెప్పిన. (నవ్వులు)

కాబట్టి పిల్లలకు చెప్పేవాణ్ణి. కర్త తెలిస్తే పేరు రాయండి. దళం అయితే దళం, రజాకార్లు అయితే రజాకార్లు, ఫలానా ఊరి గుంపు అయితే ఆ ఊరి గుంపు. “కొందరు” అన్న మాట వాడటానికి సిగ్గుపడొద్దు. తెలియకపోతే “తెలియదు” అని రాయండి. “తెలియదు” అని రాసినవాళ్లకు మార్కులు కొయ్యలేదు నేను.

దీనికి నాకు దక్కిన బహుమానం కూడా చెప్పాలి. ఒక తండ్రి వచ్చిండు, మీసం మెలేసి. “మేం హంతకులమని పిల్లలకు నేర్పుతున్నవా సార్?” ఇంకో తండ్రి నెల తర్వాత వచ్చిండు, టోపీ తీసి చేతిలో పట్టుకుని. “ఎందుకు సార్ లేపుతరు, మేం బతికే ఊరు ఇది” అన్నడు. మొదటాయనకు జవాబు చెప్పిన. మీ కొడుకు నోట్‌బుక్ చూడండి, “మేం” అని ఎక్కడా లేదు అని. ఆయన చూసిండు, చల్లబడలేదు గానీ పోయిండు. రెండో ఆయనకు ఏం చెప్పాలో నాకు అప్పుడూ తోచలేదు, ఇప్పుడూ తోచడం లేదు. ఆయన భయం అబద్ధం కాదు. నేను చేసిందల్లా, ఆ ఏడు ఆ పాఠాన్ని సెప్టెంబర్ నుంచి తీసి జనవరిలో చెప్పడం. సెప్టెంబర్‌లో జెండాలు, మైకులు, మాటలు ఎక్కువ ఉంటాయి. సంక్రాంతి తర్వాత పిల్లలు కాస్త కుదురుగా ఉంటారు. చిన్న ఉపాయమే, కానీ పనిచేసింది. మీరు కూడా చూడండి.

సెప్టెంబర్ 17 అనేసరికి గుర్తొచ్చింది. ఆ రోజుకు ఎన్ని పేర్లో చూడండి. విమోచనం ఒకరికి, విలీనం ఒకరికి, విద్రోహం ఇంకొకరికి. మొన్నటి ప్రభుత్వానికి సమైక్యతా దినం, ఇప్పటి ప్రభుత్వానికి ప్రజాపాలన దినోత్సవం. కేంద్రం వాళ్ల జెండా పరేడ్ గ్రౌండ్‌లో, రాష్ట్రం వాళ్ల జెండా పబ్లిక్ గార్డెన్స్‌లో. పాతబస్తీలో ముసలివాళ్లను అడిగితే ‘సుకూతే హైదరాబాద్’ అంటారు, హైదరాబాద్ పతనం. సర్క్యులర్ వచ్చినప్పుడల్లా బ్యానర్ మార్చి రాయించే డ్రిల్ సార్ తిట్టుకుంటడు. నేను మటుకు సంతోషపడేవాణ్ణి, ఇంతకంటే మంచి పాఠ్యోపకరణం టీచర్లకు ట్రైనింగ్ ఇచ్చే డైట్ కాలేజీవాళ్లు కూడా చేసివ్వలేరు. ఆరు పేర్లు బోర్డు మీద రాసి, ఏ పేరు ఎవరు ఎందుకు పెట్టారో అడిగితే పీరియడ్ సరిపోదు.

ఈ విషయం మీద మాట్లాడేవాళ్లంతా జర్మనీ దగ్గరికి పోతారు. జర్మనీ చూడండి, పిల్లల్ని నిర్బంధ శిబిరాలకు తీసుకెళ్లి చూపిస్తారు అంటారు. మంచిదే. కానీ జర్మనీ ఓడిపోయింది. గెలిచినవాళ్లు వచ్చి కోర్టు పెట్టి మొదలుపెట్టించారు. మన 1948లో ఓడిపోయినవాళ్లు వేరు, పాఠ్యపుస్తకం రాసేవాళ్లు వేరు. మనల్ని కూర్చోబెట్టి చెప్పించేవాళ్లు బయట ఎవరూ లేరు. పైగా తీసేయడం తేలిక. 2022లో కేంద్రం పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లు కోవిడ్ తర్వాత పిల్లల మీద భారం తగ్గిస్తున్నామని పన్నెండో తరగతి రాజనీతిశాస్త్రంలో 2002 గుజరాత్ అల్లర్ల పేజీలు తీసేశారు. భారం తగ్గించాల్సిన చోటు అదొక్కటే దొరికిందా అని అడగాలనిపిస్తుంది.

చిన్నపిల్లలకు ఎందుకండీ ఈ రక్తపాతం అనేవాళ్లు ఉన్నారు. వాళ్లతో నేను సగం ఒప్పుకుంటా. ఐదో తరగతి పిల్లలకు భైరాన్‌పల్లి బురుజు చూపిస్తే చాలు, ఊరంతా కలిసి నిలబడింది అంటే చాలు. ఎనిమిది, తొమ్మిది నుంచి మిగతాది మొదలుపెట్టొచ్చు. కానీ మనం చెప్పకపోతే వాళ్లకు తెలియదనుకోవడం మన అమాయకత్వం. సెప్టెంబర్ వచ్చిందంటే వాట్సాప్‌లో చెప్పేవాళ్లు చెప్తూనే ఉన్నారు. సినిమా తీసి మరీ చెప్తున్నారు. అక్కడ “లు” తప్ప ఇంకేం ఉండదు. నా ముందు బెంచీ పిల్లగానికి “మీ తాతలే” అన్న మాట ఎవరు నేర్పిండ్రు 1996లో? అప్పుడు ఫోన్లు కూడా లేవు. బడి చెప్పలేదు కాబట్టి అరుగు చెప్పింది.

ప్రకాశం జిల్లాలో పనిచేసిన ఒక మిత్రుడితో ఓసారి ట్రైనింగ్‌లో ఈ సంగతులు చెప్పిన. వాడు చాలాసేపు విని, “మీ పని నయం బావా” అన్నడు. “మీకు కనీసం రజాకారు అని ఒక పేరుంది, నిజాం అని ఒక కోట ఉంది. మా కారంచేడులో బయటివాడెవడు లేడు. 1985 జూలై 17న ఆరుగురు మాదిగలను చంపింది పక్క వీధివాళ్లు. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులు. నా క్లాసులో ఆ వీధి పిల్లలు, ఈ వీధి పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. నీ కర్తరి వాక్యం నా క్లాసులో రాసి చూపించు.” నా దగ్గర మాట లేదు. మనం క్లాసులో ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చిందని చెప్తాం. అది కారంచేడు జరిగిన నాలుగేండ్లకు వచ్చిందని చెప్పం. ఆ రెండు సంవత్సరాలు బోర్డు మీద పక్కపక్కన రాయగలిగితే నా మిత్రుడి క్లాసులో పాఠం సగం అయిపోయినట్టే అని నా లెక్క. మిగతా సగం వాడే చెప్పాలి, నేను చెప్పలేను.

చీటీ వచ్చింది, టైం అయిపోయిందట. ఒక్క నిమిషం.

రిటైరయ్యేటప్పుడు పాత నోట్‌బుక్కులు కొన్ని ఇంటికి తెచ్చుకున్న. అందులో ఒకటి ఇవాళ పొద్దున బస్సులో మళ్లీ చూసుకుంటూ వచ్చిన. ఎనిమిదో తరగతి పిల్ల రాసింది. ఖాళీలు నింపే ఆ పనే. మొదటి మూడు వాక్యాలు బాగానే మార్చింది. నాలుగో వాక్యం కర్త దగ్గర ఖాళీ పెట్టింది. దాని కింద చిన్న అక్షరాలతో రాసింది, “తెలియదు. అడిగితే మా అమ్మమ్మ లేచి నీళ్లు తోడటానికి పోయింది.” నేను ఎర్ర సిరాతో టిక్కు పెట్టి, పక్కన రెండు మార్కులు వేసిన. రెండుకు రెండు.

ప్రశ్నలుంటే భోజనాల దగ్గర అడగండి. నేను పప్పు లైన్‌లో ఉంటా. (నవ్వులు, చప్పట్లు)